పతకం వెనుక మృతులు

రష్యాపై బ్రిటన్, ఫ్రాన్స్, టర్కీలు సాగించిన క్రిమియా యుద్ధం ముగియక ముందే, 1854 డిసెంబరులో, విక్టోరియా రాణి తన సైనికులకు ఒక వెండి పతకాన్ని మంజూరు చేసింది. పతకానికి ఒకవైపు రాణి ముఖం, మరొకవైపు రోమన్ యోధుని శిరస్సుపై జయమాల ఉంచుతున్న విజయదేవత. లేత నీలిరంగు రిబ్బనుకు పసుపు అంచులు. ఆల్మా, బాలక్లావా, ఇంకర్‌మన్, సెవాస్తపోల్ అనే రణక్షేత్రాల పేర్లు చెక్కిన వెండి పట్టీలను ఆ రిబ్బనుకు తగిలించేవారు. అవి మద్యపు సీసాలకు వేలాడే పేరు బిళ్ళల వలె ఉన్నాయని పరిహసించినవారూ లేకపోలేదు. 1855 మే 18న లండనులో రాణి స్వహస్తాలతో పతకాలను ప్రదానం చేసింది. క్షతగాత్రులను చక్రాల కుర్చీలలో తెచ్చి ఆమె ఎదుట నిలిపారు.

అయితే ఆ పట్టీలపై చోటు దొరకని శత్రువు ఒకటి ఉంది. ఆ యుద్ధంలో మరణించిన బ్రిటిష్ సైనికులు సుమారు 21,000 మంది. వారిలో రణరంగంలో నేలకొరిగినవారు, గాయాలతో అసువులు బాసినవారు కలిసి 5,000 లోపే. తక్కిన 16,000 మందికి పైగా వ్యాధులకు బలైనవారే! సైన్యం క్రిమియా గడ్డపై అడుగు పెట్టకముందే, 1854 వేసవిలో, వార్నా శిబిరంలో కలరా వ్యాపించింది. ఆ నవంబరు 14న వీచిన తుఫానులో చలి దుస్తులు తెస్తున్న ఓడ మునిగిపోయింది. సెవాస్తపోల్ ముట్టడిలో బురద కందకాలలో తడిసిన బట్టలతో, చాలీచాలని తిండితో శీతకాలం గడిపిన సైనికులను రక్తవిరేచనాలు, టైఫస్ జ్వరం, స్కర్వీ పట్టి పీడించాయి.

రోగులను ఓడలలో స్కుటారి ఆసుపత్రికి తరలించేవారు. అది మురుగు కాలువలపై నిలిచిన పాత సైనిక నివాసం. 1854 నవంబరులో ఫ్లారెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో అక్కడికి చేరుకుంది. ఆమె ఎంత శ్రమించినా ఆ చలికాలంలో మరణాలు ఆగలేదు. 1855 మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య సంఘం కాలువలను శుభ్రపరచి, గదులకు గాలి ఆడే ఏర్పాటు చేసిన పిదప గాని అవి గణనీయంగా తగ్గలేదు. ఈ కఠిన సత్యాన్ని నైటింగేల్ యుద్ధానంతరం, గణాంకవేత్త విలియం ఫార్‌తో కలిసి లెక్కలు పరిశీలించినప్పుడు గ్రహించింది. 1858లో ఆమె ప్రచురించిన చిత్రపటంలో వ్యాధి మరణాలకు నీలం, గాయాల మరణాలకు ఎరుపు, ఇతర కారణాలకు నలుపు వాడింది. ఎరుపు చిన్న ముక్క. నీలం కాగితమంతా పరచుకుంది.

తరువాత ఆమె దృష్టి భారతదేశంలోని సైనిక శిబిరాలపై పడింది. ఇక్కడి సైన్యపు ఆరోగ్య స్థితిపై 1859లో నియమితమైన రాజసంఘం 1863లో నివేదిక ఇచ్చింది. అంతకుముందు దశాబ్దాలలో ఇక్కడి బ్రిటిష్ సైనికులు ఏటా వేయికి సగటున 69 మంది చొప్పున మరణించినట్లు అందులో తేలింది.