లేత్ దగ్గర దీపం



ఉప్పల్‌లో రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని లేత్ బిగించావని అమ్మ చెప్పింది. చాలా సంతోషం. దాని పక్కన పెట్టుకునే దీపానికి షాపువాళ్లు మూడు నాలుగు వేలు చెబుతున్నారని, అంత పెట్టాలా అని అడిగావు. అక్కర్లేదమ్మా. వెయ్యి రూపాయల్లోపే నీకు కావలసిన వెలుతురు అమరుతుంది. ఆ వెయ్యిలో ముందు దేనికి ఖర్చుపెట్టాలి, తర్వాత దేనికి పెట్టాలి అన్నదే తెలియాలి. అది తెలియకుండా కొంటే ఎంత ఖరీదైన దీపం కిందైనా సాయంత్రానికి కళ్లు మండుతాయి, చెక్క మీది గాట్లు లక్క పూశాక గానీ బయటపడవు.

అన్నిటికంటే ముందు మిణుకు చూసుకో. ఎంత వెలుగిస్తుందన్నది ఆ తర్వాతి సంగతి. మామూలు బల్ల మీద పని చేసేవాడికి మిణుకు వల్ల తలనొప్పి వస్తే రావచ్చు. తిరిగే యంత్రం ముందు నిలబడే నీకు మాత్రం అది ప్రమాదం. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు. ఒక్కో ఆవృత్తంలో రెండుసార్లు సున్నాకి పడి లేస్తుంది. అందుకని పాత ఇనప చోకు ట్యూబులైటు, లోపల డ్రైవరు నాసిగా ఉన్న ఎల్‌ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. కంటికి అది తెలియదు. తిరిగే చెక్క మీద తెలుస్తుంది.

నీ మోటారు పలక మీద 1440 అని ఉంటుంది, చూడు. మన దగ్గర దొరికే నాలుగు పోళ్ల మోటార్లు దాదాపు అన్నీ ఆ దాపులోనే. రెండు పుల్లీలూ ఒకే సైజువైతే చెక్క కూడా నిమిషానికి 1440 చుట్లు, అంటే సెకనుకు 24 చుట్లు తిరుగుతుంది. చదరపు కట్టె బిగించావనుకో. ఒక మిణుకుకీ తర్వాతి మిణుకుకీ మధ్య అది 86.4 డిగ్రీలు తిరుగుతుంది. తర్వాతి మూల సరిగ్గా మొదటి మూల ఉన్నచోటికి రావాలంటే 90 డిగ్రీలు కావాలి. ప్రతి మిణుకులోనూ 3.6 డిగ్రీలు వెనకబడుతుంది కాబట్టి, ఆ కట్టె నీ కళ్లకి సెకనుకి ఒక్క చుట్టు చొప్పున మెల్లగా వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. ఉలి ఇంకా ఆనించకముందు, బరువు లేనప్పుడు, మోటారు వేగం 1500కి దగ్గరవుతుంది. అప్పుడైతే నాలుగు మూలలూ దాదాపు ఆగినట్టే తేలి కనిపిస్తాయి. నాలుగు దవడల చక్కుకీ ఇదే లెక్క. మోటారు మోత వినిపిస్తున్నా, అలసిపోయి ఉన్న సాయంత్రం వేళ చెయ్యి కన్నునే నమ్ముతుంది. అందుకే ఈ విషయంలో నీకు మినహాయింపు ఇవ్వను. మిణికే దీపం ఉచితంగా వచ్చినా ఆ షెడ్డులో వద్దు.

పరీక్షించడం తేలికే. దీపం కింద పెన్సిలు పట్టుకుని అటూ ఇటూ గబగబా ఊపు. పెన్సిలు నున్నగా అలుక్కుపోయినట్టు కనిపిస్తే మంచిది. విడివిడిగా పది పెన్సిళ్లు కనిపిస్తే ఆ దీపం మిణుకుతోంది. ఫోన్ కెమెరాలో స్లో మోషన్ పెట్టి చూసినా చారలో, వెలుగు హెచ్చుతగ్గులో తెలుస్తాయి. కానీ కొన్ని ఫోన్లు ఆ చారల్ని వాటంతట అవే చెరిపేస్తాయి కాబట్టి నా నమ్మకం పెన్సిలు మీదే. మనవాళ్లకి ఇంకో సాధనం ఉంది, బొంగరం. వెడల్పు బొంగరం పైతలం మీద ఎనిమిది నల్ల పట్టీలు, మధ్య మధ్య తెలుపు సమానంగా వేసి తిప్పు. వేగం తగ్గుతూ తగ్గుతూ సెకనుకు పన్నెండున్నర చుట్లకి వచ్చినప్పుడు, మిణికే దీపం కింద ఆ పట్టీలు ఒక్క క్షణం నిలబడిపోతాయి, తర్వాత వెనక్కి నడుస్తాయి. పగటి వెలుతురులో ఎంతసేపు తిప్పినా అలా జరగదు. అలాంటిది ఒకటి లేత్ మీద తరిమి అమ్మ చేత పంపిస్తున్నాను. దుకాణానికి పట్టుకెళ్లు. కౌంటరు మీద మిగతా లైట్ల వెలుగు కలవకుండా, నువ్వు కొనే దీపాన్ని బొంగరానికి బాగా దగ్గరగా పట్టుకుని చూడు. ఎవరేమనుకుంటారోనని మొహమాటపడకు.

వెలుగు తగ్గించి పెంచే బటన్ ఉన్న దీపాలు కొన్ని నిండు వెలుగులో నిలకడగానే ఉంటాయి, తగ్గించగానే మిణకడం మొదలెడతాయి. వాటిని రెండు రకాలుగానూ చూడాలి. 12 వోల్టుల అడాప్టరుతో నడిచే ఎల్‌ఈడీ పట్టీల్లో సాధారణంగా ఈ బాధ ఉండదు, అడాప్టరు నుంచి వచ్చేది నిలకడైన డీసీ కాబట్టి. చేతి దగ్గర తక్కువ వోల్టేజీ ఉండటం ఇంకో లాభం.

ఇక ఎక్కడ పెట్టాలన్నది. షెడ్డులో దూలానికి పెద్ద లైటు ఒకటి వేలాడదీసి సరిపెట్టుకుందామనుకుంటున్నావేమో. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు సుమారు 900 ల్యూమెన్లు ఇస్తుంది. ఆ వెలుతురు అన్ని వైపులా సమానంగా చిమ్ముతుందనుకుంటే, పని నుంచి మీటరున్నర ఎత్తున ఉన్నప్పుడు చెక్క మీద పడేది 30 లక్స్‌కి కాస్త అటూ ఇటూ. అదే బల్బుని అర మీటరుకి దించితే తొమ్మిది రెట్లు, 280 దాకా వస్తుంది. వెనక తెల్లటి డిప్ప ఉంటే ఇంకా పెరిగి 500 దాటడం కష్టం కాదు. యూరప్ వెలుతురు ప్రమాణాల్లో చెక్క తరిమే యంత్రాల దగ్గర అడిగేది కూడా ఆ 500 లక్సే. వంద రూపాయల బల్బు చాలు, దాన్ని దగ్గరికి తెచ్చే చెయ్యి కావాలి. స్ప్రింగు చేతుల దీపాన్ని 1932లో ఇంగ్లండులో జార్జ్ కార్వర్డీన్ అనే ఆయన పేటెంటు చేశాడు. ఆయన కార్ల సస్పెన్షన్లు రూపొందించే ఇంజినీరు. చదువు బల్ల మీద చూసే ఆ దీపం మొదట పనివాళ్ల బల్లల కోసం పుట్టింది. అలాంటి చేతిదీపం, క్లాంపుతో బిగించేది, ఒకటి కొను. కొనేటప్పుడు హోల్డరు చూడు. మన ఇళ్లలో వాడేవి ఎక్కువగా పిన్ను బల్బులు, ఈ దీపాల్లో చాలావాటికి మర బల్బు పడుతుంది.

నువ్వు కుడిచేతివాటం. లేత్ తల ఎడమ పక్కన ఉంటుంది. దీపం నీ తల వెనక ఉంటే నీ నీడే పని మీద పడుతుంది. లేత్‌కి అవతల, ఎడమ వైపు నుంచి, నీ కంటి ఎత్తుకి పైన ఉండి కిందికి వంగి వెలగాలి. ఉలి మొన చెక్కని తాకే చోట నీ చేతి నీడ గానీ ఉలి నీడ గానీ అడ్డం రాకూడదు. బల్బు నేరుగా నీ కంట్లో పడకుండా డిప్ప అంచు కిందికి ఉండాలి. 1948 నాటి పాత ఫ్యాక్టరీల చట్టం 17వ సెక్షను కూడా వెలుతురు చాలినంత ఉండాలన్న చోటే ఆగిపోలేదు. కళ్లు చెదరగొట్టే మెరుపు, ప్రమాదం తెచ్చే నీడ ఉండకుండా చూడాలని రాసింది. ఒంటరి షెడ్డుకి అలాంటి చట్టం వర్తించినా వర్తించకపోయినా ఆ రెండు మాటలూ నీకు వర్తిస్తాయి.

ఆ చేతిదీపం చెక్కకి రూపం తియ్యడానికి. నునుపు చూసుకోవడానికి ఇంకొకటి కావాలి. అంకుడు కర్ర సంగతి నీకు తెలుసు, పాలమీగడ రంగు, రేఖ సన్నం. అంత తెల్లటి చెక్క మీద నిటారుగా వెలుతురు పడితే గాట్లన్నీ కప్పబడిపోతాయి. ఉలి లేపిన పీచు, గరుకు కాగితం గీతలు ఏవీ కనపడవు. దీపాన్ని చెక్క పక్కకి దించి, వెలుతురు తలం మీదుగా పాక్కుంటూ పోయేలా పట్టు. ఒక్కో గీతకీ నీడ లేస్తుంది. లేత్ ఆపి, చెక్కని చేత్తో కొద్ది కొద్దిగా తిప్పుతూ చూడు. ఈ పనికి కుట్టు మిషన్ల కోసం అమ్మే వంగే మెడ లైటు చాలు, రెండు మూడు వందల్లో దొరుకుతుంది. అడుగున అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఇనుముకి అంటుకుంటుంది. తిరిగేటప్పుడు మాత్రం లేత్ ఒంటి మీద ఉంచకు. అదురుకి మెడ మెల్లమెల్లగా వాలి చెక్క మీదికి వస్తుంది. గోడకి ఇనప పలక కొట్టి దాని మీద అంటించు.

కుంకుమ భరిణె లోపల తవ్వేటప్పుడు ఈ రెండు అమరికలూ పనికిరావు. పక్క నుంచి వచ్చే వెలుతురు అంచు దగ్గరే ఆగిపోయి లోపల చీకటి మిగులుతుంది. అప్పుడు నీ కుడి పక్క నుంచి, ఇరుసు గీటు వెంట, దీపం తిన్నగా లోపలికి చూడాలి. చేతిదీపాన్ని అటు తిప్పుకో. ఉలి పిడి కదిలే దారికి దూరంగా మాత్రం ఉంచు.

లక్క పట్టించేటప్పటి సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అక్కడే మన పని పేరు నిలుస్తుంది. లక్క కడ్డీ తిరిగే చెక్కకి ఆనగానే రాపిడి వేడికి కరిగి పాకుతుంది, మొగలి ఆకుతో ఒత్తితే మెరుపు తిరుగుతుంది. ఆ మెరుపులోకి చూడు. పొడుగాటి ట్యూబు గానీ ఎల్‌ఈడీ పట్టీ గానీ ఇరుసుకి సమాంతరంగా ఉంటే, దాని ప్రతిబింబం లక్క మీద తెల్లటి గీతగా పడుతుంది. గీత తిన్నగా సాగితే లక్క సమంగా పరుచుకుంది. ఎక్కడ వణికితే అక్కడ దళసరిగా ఉందన్నమాట, ఇంకోసారి ఆకు ఒత్తు. గుండ్రటి బల్బుకి ఈ గుణం లేదు, ఒక చుక్క మెరుస్తుంది, అంతే. అందుకే చేతిదీపం తర్వాత డబ్బు మిగిలితే అడుగున్నర పట్టీ ఒకటి కొనమంటాను.

రంగు మాట. డబ్బా మీద సీఆర్‌ఐ అని ఉంటుంది, వస్తువుల రంగుల్ని దీపం ఎంత నిజంగా చూపిస్తుందో దాని కొలత. చెక్క తరమడానికి 80 చాలు. లక్క రంగులు కలపడానికి 90కి తక్కువైతే ఒప్పుకోకు. చవక ఎల్‌ఈడీల్లో చిక్కటి ఎరుపు బాగా పలచబడుతుంది, జాఫ్రా గింజల రంగు ఒక్కోసారి మట్టిలా కనిపిస్తుంది. ఏటికొప్పాకలో సి.వి. రాజుగారి లాంటివాళ్లు పూనుకుని ఆకుల, గింజల, వేళ్ల రంగుల్ని మళ్లీ నిలబెట్టారు. ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది, మన ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ సహజ రంగులు రసాయన రంగుల్లా గట్టిగా అరవవు, ఛాయ తేడాలు చాలా సన్నం. పచ్చటి వెచ్చని బల్బు కింద పసుపు లక్కకీ అంకుడు చెక్కకీ తేడా పట్టడం కష్టం. 4000 నుంచి 5000 కెల్విన్ల తెలుపు తీసుకో. పసుపు, నీలి కలిపి ఆకుపచ్చ తయారుచేస్తే మాత్రం ఏ దీపాన్నీ నమ్మకు, ముక్కని గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుతురులో చూడు. ఉత్తరపు కిటికీ ఉందన్నావు, అది అదృష్టం. మన అక్షాంశంలో మే రెండో వారం నుంచి జూలై ఆఖరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు కాబట్టి ఆ నెలల్లో పల్చటి తెల్ల గుడ్డ కట్టు.

నా లేత్ దగ్గర నేను ఎక్కువ వెలుతురు వాడుతున్నానని నువ్వూ అంతే వాడకు. అరవై దాటినవాళ్ల కంటి లోపలికి చేరే వెలుతురు ఇరవై ఏళ్లవాళ్లకి చేరేదాంట్లో సుమారు మూడో వంతే. నాకు హాయిగా ఉన్నది నీకు కళ్లు చెదిరేలా ఉంటుంది.

పాత హాలోజన్ లైటు ఎవరైనా చవగ్గా ఇస్తామంటే వద్దను. దాని వేడి దగ్గర ఎండిన చెక్క పొట్టు ఉండకూడదు. ఎల్‌ఈడీ డిప్ప మీద పేరుకున్న దుమ్ముని స్విచ్చు ఆపేసి వారానికోసారి పొడిగుడ్డతో తుడువు. ఇనప ఒళ్లున్న దీపమైతే మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తు తప్పనిసరి. తీగ ఇరుసుకి దూరంగా గోడ వెంట పోవాలి.

దీపాన్నీ మోటారునీ ఒకే లైను మీద పెట్టించకు. మోటారు ఎమ్‌సీబీ పడిపోతే దీపం కూడా ఆరిపోయి, ఇంకా తిరుగుతున్న చెక్క ముందు ఉలి పట్టుకుని చీకట్లో నిలబడాల్సి వస్తుంది. వీధి మొత్తానికే కరెంటు పోయినా అంతే, చెక్క వెంటనే ఆగదు. దూలానికి వేసే బల్బు లోపల బ్యాటరీ ఉన్న ఇన్వర్టర్ బల్బు అయితే కరెంటు పోయినా అది వెలుగుతూనే ఉంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు ఈ రెండు మాటలూ ముందే చెప్పు, బోర్డు బిగించాక మార్చాలంటే మళ్లీ డబ్బులు అడుగుతాడు.

మీ మామయ్య