మాల్దీవుల సేన: అన్ని దళాలూ ఒకే గొడుగు కింద

సైన్యం అనగానే పదాతి, నౌకా, వైమానిక దళాలు విడివిడిగా గుర్తొస్తాయి. మాల్దీవుల్లో ఆ లెక్క చెల్లదు. దాదాపు 1,200 దీవులున్న ఆ దేశ రక్షణ భారమంతా ఒకే సంస్థది: మాల్దీవుల జాతీయ రక్షణ దళం. విడిగా నౌకాదళం లేదు. సముద్రాన్ని కాపలా కాసే కోస్ట్ గార్డ్, మెరైన్లు ఇందులో భాగాలే. దేశాధ్యక్షుడే సర్వసైన్యాధ్యక్షుడు.

పేర్లు మారిన క్రమాన్ని అభ్యర్థులు జాగ్రత్తగా గుర్తుంచుకోవాలి. దళం ఆవిర్భావ దినం ఏప్రిల్ 21, సంవత్సరం 1892. 1979లో ఇది జాతీయ భద్రతా సేవ అయింది. అప్పట్లో పోలీసు పనీ దీనిదే! 2004లో పోలీసు విభాగం విడిపోయింది. 2006లో ఇప్పటి పేరొచ్చింది.

ఈ చరిత్రలో అత్యంత కఠిన పరీక్ష 1988 నవంబరు 3. శ్రీలంక తమిళ సాయుధ సంస్థ ప్లోట్‌కు చెందిన కిరాయి సైనికులు తిరుగుబాటుదారు అబ్దుల్లా లుతుఫీ పక్షాన రాజధాని మాలేపై విరుచుకుపడ్డారు. సంఖ్యలో చిన్నదైనా భద్రతా సేవ తన ప్రధాన స్థావరాన్ని వదల్లేదు. ఆ తెగువే దేశాన్ని నిలబెట్టింది. అధ్యక్షుడు గయూమ్ సాయం కోరగా, రాజీవ్ గాంధీ ప్రభుత్వం ఆ రాత్రికే ఆగ్రా నుంచి పారాట్రూపర్లను ఐఎల్-76 విమానాల్లో హుల్హులే దీవికి చేర్చింది. అదే ఆపరేషన్ కాక్టస్. బందీలతో పారిపోతున్న ఓడను అడ్డగించిన యుద్ధనౌకల్లో ఒకటి ఐఎన్ఎస్ గోదావరి. మన నది పేరే!

2009లో భారత్, మాల్దీవుల సేనల ఉమ్మడి విన్యాసం మొదలైంది. దాని పేరు 'ఏకువేరిన్'. దివెహి భాషలో 'మిత్రులు' అని అర్థం.