కాఫీ రైతుకు దక్కాల్సిన ధర: అరకు మన్యంలో తరచూ అడిగే ప్రశ్నలు

అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు, అరకు, చింతపల్లి కొండల మీద లక్షకు పైగా గిరిజన కుటుంబాలు కాఫీ పండిస్తున్నాయి. చాలామందికి ఉన్నది ఎకరమో, రెండెకరాలో. పంట మన్యంలో పండుతుంది. దాని ధర మాత్రం అమెరికాలో, బ్రెజిల్‌లో, లండన్‌లో జరిగే సంగతులను బట్టి మారుతుంది. నవంబరులో పండు ఎర్రబడే వేళకు ఊళ్లలో, సంతల్లో వినిపించే ప్రశ్నలకు ఇక్కడ జవాబులిస్తున్నాం. ఇవి పండించేవాళ్లకే కాదు, పొద్దున్నే కాఫీ తాగే ప్రతి ఇంటికీ సంబంధించినవి.

వరికి ఉన్నట్టు కాఫీకి మద్దతు ధర ఉందా?

లేదు. కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో కాఫీ లేదు. అసలు కాఫీ వ్యవసాయ శాఖ కిందికే రాదు. అది కేంద్ర వాణిజ్య శాఖ చూసే పంట. 1942 నాటి కాఫీ చట్టం కింద పనిచేసే కాఫీ బోర్డుకు పరిశోధన, రాయితీలు, ఎగుమతుల ప్రోత్సాహం వంటి బాధ్యతలున్నాయి గానీ రైతు దగ్గర సరుకు కొనే బాధ్యత లేదు.

ఒకప్పుడు ఉండేది. దేశంలో పండిన కాఫీ అంతా బోర్డుకే అప్పజెప్పాల్సి ఉండేది. బోర్డు వేలం వేసి, వచ్చిన డబ్బును రైతులకు విడతలవారీగా ఇచ్చేది. డబ్బు ఆలస్యంగా వస్తోందని పెద్ద ఎస్టేట్ల వాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. 1990ల మధ్యకల్లా ఆ పద్ధతి ముగిసింది. తన సరుకును తానే అమ్ముకోగల ఎస్టేటు యజమానికి ఇది మేలే చేసింది. బస్తా కాఫీని భుజాన వేసుకుని సంతకు నడిచే రైతుకు మాత్రం కొనే నాథుడు ఎవరన్న ప్రశ్న మిగిలింది. ధరలు కుప్పకూలాక 2003లో కేంద్రం 500 కోట్ల రూపాయలతో ధరల స్థిరీకరణ నిధి పెట్టింది. నాలుగు హెక్టార్లలోపు కాఫీ, తేయాకు, రబ్బరు, పొగాకు రైతుల కోసం పెట్టిన ఆ నిధిని 2013లో మూసేశారు.

మరి మా పంటకు ధర ఎవరు కడుతున్నారు?

అరబికాకు న్యూయార్క్ ఎక్స్ఛేంజి, రోబస్టాకు లండన్ ఎక్స్ఛేంజి. రాబోయే నెలల సరుకుకు అక్కడ ముందుగానే బేరాలు కుదురుతాయి. ప్రపంచ వ్యాపారులు ఆ ధరను కొలబద్దగా పెట్టుకుని, నాణ్యతను బట్టి కొంత కలుపుతారు, కొంత తీస్తారు. ప్రపంచ కాఫీలో దాదాపు మూడో వంతు ఒక్క బ్రెజిల్‌దే కాబట్టి 1975, 1994, 2021లో అక్కడ మంచు కురిసి తోటలు మాడినప్పుడల్లా ధరలు ఎగిరాయి.

ఈ ఊగిసలాటకు పగ్గం వేసే ప్రయత్నం ఒకటి జరిగింది. 1962లో పండించే దేశాలు, కొనే దేశాలు కలిసి అంతర్జాతీయ కాఫీ ఒప్పందం చేసుకున్నాయి. ఏ దేశం ఎంత ఎగుమతి చేయాలో కోటాలు పెట్టి, ధర మరీ పడిపోకుండా చూశాయి. 1989 జూలైలో ఆ కోటాలు కూలిపోయాయి. 2001 వచ్చేసరికి పౌను అరబికా 50 సెంట్ల కంటే దిగువకు పడింది. మధ్య అమెరికాలో వేలాది కుటుంబాలు తోటలు వదిలి వలసపోయాయి. అదే పౌను 2025 ఫిబ్రవరిలో నాలుగు డాలర్లు దాటింది. ఈ రెండు ధరల మధ్య కాలంలో ఏ రైతూ తన శ్రమను ఎనిమిది రెట్లు పెంచలేదు, తగ్గించనూ లేదు.

ధర పెరిగిందంటున్నారు. నా సరుకుకు ఎంత రావాలో ఎలా లెక్కవేయాలి?

ఈ లెక్క ప్రతి కాఫీ రైతు ఇంట్లో ఒక్కరికైనా వచ్చి ఉండాలి. ముందు ఏ రూపంలో ఉన్న సరుకుకు ధర చెబుతున్నారో తేల్చుకోండి. చెట్టు మీద కోసిన ఎర్ర పండు ఒకటి. తోలు తీసి, పులియబెట్టి, కడిగి ఎండబెట్టిన పార్చ్‌మెంట్ ఒకటి. పండును పండుగానే ఎండబెడితే అది చెర్రీ. పొట్టు తీసి శుభ్రం చేసిన పచ్చ గింజ క్లీన్ కాఫీ. న్యూయార్క్ ధర ఈ చివరి దానికే.

పౌను అంటే సుమారు 454 గ్రాములు. పౌను ధరను 2.2తో హెచ్చిస్తే కిలో ధర వస్తుంది. నాలుగు డాలర్లయితే కిలోకు 8.80 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకుంటే దాదాపు 750 రూపాయలు. వంద కిలోల పార్చ్‌మెంట్‌కు 80 కిలోల క్లీన్ కాఫీ వస్తుంది కాబట్టి కిలో పార్చ్‌మెంట్ విలువ సుమారు 600. ఎండు చెర్రీలో వచ్చే క్లీన్ కాఫీ సగమే. ఎర్ర పండ్లయితే అయిదారు కిలోలకు ఒక కిలో.

ఆ 600 మొత్తం చేతికి రాదు. పొట్టు తీసే మిల్లు ఖర్చు, గోతాలు, లారీ కిరాయి, కొన్నవాడి లాభం అందులోంచే పోవాలి. మీ సరుకులో తేమ 10, 11 శాతం కంటే ఎక్కువున్నా, పచ్చికాయ కలిసినా ఇంకొంత తగ్గుతుంది. ఇవన్నీ న్యాయమైన కోతలే. అయితే కోత ఎంత, దేనికి అని అడగడం మీ హక్కు. 600 విలువైన సరుకును సగం ధరకు అడిగే వ్యాపారి ముందు ఈ అంకె తెలిసిన రైతు నిలబడే తీరు వేరు.

ఇంకో లెక్క కూడా చెప్పాలి. వంద కిలోల ఎర్ర పండ్ల నుంచి వేయించిన గింజలు సుమారు 13 కిలోలు వస్తాయి. కప్పుకు 15 గ్రాముల పొడి వాడినా 800 కప్పులకు పైనే. పట్నంలో కప్పు కాఫీ ఎంత పెట్టి తాగుతున్నారో పాఠకులకు తెలుసు. ఆ వంద కిలోలు కోయడానికి కొండవాలు మీద నిలబడిన మనిషి వాటా ఎంతో వాళ్లే హెచ్చించి చూడవచ్చు.

పండు అమ్ముకోవడం మేలా, పార్చ్‌మెంట్ చేసి అమ్మడం మేలా?

ఇంట్లో మనుషులుండి, నీళ్లు, ఎండబెట్టే కళ్లం ఉంటే పార్చ్‌మెంట్‌కే విలువ ఎక్కువ. అవి లేనివాళ్లకు తోలు తీసే పల్పింగ్ యూనిట్‌కు అదే రోజు పండు చేర్చడం మేలు. కోసిన పండు రాత్రంతా గోతంలో ఉంటే నాణ్యత పోతుంది.

జీసీసీకే అమ్మాలన్న నిబంధన ఏమైనా ఉందా?

లేదు. చింతపండు, కరక్కాయ లాంటి అటవీ ఫలసాయాల సంగతి వేరు. కాఫీ సాగు పంట. గిరిజన సహకార సంస్థ (జీసీసీ)కు ఇవ్వవచ్చు, రైతు సంఘానికి ఇవ్వవచ్చు, ప్రైవేటు వ్యాపారికీ అమ్మవచ్చు. అయినా జీసీసీ అక్కడ ఉండి తీరాలి. అది సీజన్‌కు ప్రకటించే కొనుగోలు ధరే మన్యంలో రైతు చేతిలో ఉన్న బహిరంగ కొలమానం. ఆ ధర తెలిసిన ఊళ్లో దళారి మరీ తక్కువకు అడగలేడు. అందుకే ప్రకటన ఆలస్యమైనా, కొనుగోలు కేంద్రం తెరుచుకోకపోయినా నష్టం జీసీసీకి అమ్మే రైతుతో ఆగదు. ధర ప్రకటన కోత మొదలయ్యే ముందే రావాలని గ్రామసభలో తీర్మానం చేయించండి. పీసా చట్టం వచ్చిన 1996 నుంచి షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభల మాటకు ప్రత్యేకమైన బలం ఉంది.

వానాకాలంలో షావుకారు దగ్గర అప్పు తీసుకున్నాం. పంట ఆయనకే, ఆయన చెప్పిన ధరకే ఇవ్వాలా?

ఏజెన్సీలో కాఫీ ధర తరచూ తేలిపోయేది ఇక్కడే, కోతకు నాలుగైదు నెలల ముందు. జూలైలో బియ్యానికో, ఆసుపత్రికో, పిల్లల చదువుకో తీసుకున్న కొద్దిపాటి సొమ్ముకు డిసెంబరులో పంట మొత్తం ఆయన అడిగిన రేటుకు పోతుంది. వడ్డీ ఎంతో కాగితం మీద ఉండదు. తక్కువ ధర రూపంలో దాన్ని వసూలు చేసుకుంటారు.

తీసుకున్న అప్పు తీర్చాలి, అందులో సందేహం లేదు. కానీ అప్పు ఇచ్చినంత మాత్రాన పంటకు ధర కట్టే అధికారం ఎవరికీ రాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలని 1960 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఇక తోట సంగతి. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు. అదే మనమంతా 1/70 అని పిలిచే చట్టం. దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు బదిలీ కావడం చెల్లదు. బాకీ కింద తోట రాసిచ్చినా ఆ కాగితానికి విలువ లేదు. భయపడి సంతకం పెట్టినవాళ్లు కూడా సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ)కు వెళ్లి ఫిర్యాదు చేయవచ్చు.

కాఫీ రైతుకు న్యాయమైన ధర అందాలంటే జూన్, జూలై నెలల్లో బ్యాంకు నుంచో, మహిళా సంఘం నుంచో ఆ కొద్దిపాటి అప్పు దొరకాలి. డిసెంబరులో ఎంత మంచి రేటు ప్రకటించినా, ముందే కట్టుబడిపోయిన పంటకు అది అందదు.

తూకంలో తేడా ఉందనిపిస్తే?

కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. 2009 లీగల్ మెట్రాలజీ చట్టం ఇది అందరికీ తప్పనిసరి చేసింది. ముద్ర చూపించమని అడగండి. గోతం బరువు, తేమ, రేటు, మొత్తం రాసిన రసీదు తీసుకోండి. రసీదు లేకపోతే తర్వాత ఫిర్యాదును నిలబెట్టుకోవడం కష్టం.

పట్టా ఎవరి పేరున ఉండాలి? డబ్బు ఎవరి ఖాతాలో పడాలి?

2006 అటవీ హక్కుల చట్టం కింద పెళ్లయినవాళ్లకు ఇచ్చే హక్కు పత్రం భార్యాభర్తలిద్దరి పేరా ఉండాలి. ఆ హక్కు పిల్లలకు వస్తుంది, అమ్మకానికి పనికిరాదు. పండు కోయడం, ఏరడం, ఎండబెట్టడంలో ఆడవాళ్ల చేయి లేని తోట మన్యంలో ఉండదు. పత్రంలో పేరున్న ఆమెకు కొనుగోలు రిజిస్టరులోనూ, బ్యాంకు ఖాతాలోనూ పేరు ఉండటం ఎవరి దయా కాదు.

యూరప్‌వాళ్ల కొత్త నిబంధన మాకు వర్తిస్తుందా?

మీ కాఫీ యూరప్ వెళితే వర్తిస్తుంది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికిన నేలలో పండిన కాఫీని తమ మార్కెట్లోకి రానివ్వబోమని యూరోపియన్ యూనియన్ 2023లో చట్టం చేసింది. అమలు తేదీ వాయిదాలు పడుతూ వచ్చినా కొనుగోలుదారులు ఇప్పటికే వివరాలు అడుగుతున్నారు. పంట పండిన చోటు ఎక్కడుందో చూపాలి, దేశ చట్టాల ప్రకారమే పండిందని కూడా చూపాలి. నాలుగు హెక్టార్లలోపు కమతానికి మ్యాపు అక్కర్లేదు, అక్షాంశ రేఖాంశాలతో ఒక్క బిందువు చాలు. పోడు భూమికి హక్కు పత్రం లేనివాళ్లకు ఇక్కడ చిక్కు రావచ్చు. చెట్ల నీడన కాఫీ పెంచి అడవిని నిలబెట్టిన కుటుంబం, కాగితం లేదన్న కారణంతో వెలి పడకూడదు. పెండింగులో ఉన్న క్లెయిములు తేల్చడం ప్రభుత్వం ఇప్పుడే చేయాల్సిన పని.

ఫెయిర్‌ట్రేడ్ ముద్ర ఉంటే మంచి ధర ఖాయమేనా?

ధర పడిపోయినప్పుడు కాపు కాస్తుంది. కడిగి తయారుచేసిన అరబికాకు పౌనుకు 1.80 డాలర్లు కనీస ధరగా 2023 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. మార్కెట్ ధర అంతకంటే ఎక్కువుంటే అదే ఇవ్వాలి. దానిపైన పౌనుకు 20 సెంట్ల ప్రీమియం వస్తుంది. అది సంఘానికి చెందుతుంది, బడికో బావికో పల్పింగ్ యూనిట్‌కో ఎలా ఖర్చు పెట్టాలో సభ్యులే ఓటు వేసి నిర్ణయిస్తారు.

దీనికి హద్దులూ ఉన్నాయి. కనీస ధర రైతు ఇంటి దగ్గర ఇచ్చేది కాదు, సంఘం ఎగుమతి చేసే చోట అందుకునేది. తనిఖీల ఖర్చు ఉంటుంది. ముద్ర వచ్చిన సరుకంతా ఆ ధరకే అమ్ముడుపోతుందన్న హామీ లేదు. అయినా ప్రపంచ కాఫీ వ్యాపారంలో ఇంతకంటే దిగువకు వెళ్లకూడదని కాగితం మీద గీత గీసిన ఏర్పాట్లు ఎక్కువ లేవు. విడివిడిగా ఉన్న రైతుకు అది అందదు. సంఘం కట్టినవాళ్లకే తలుపు తెరుచుకుంటుంది.

అరకు కాఫీకి జీఐ గుర్తింపు వచ్చింది కదా, దాంతో ధర పెరగదా?

2019లో అరకు వ్యాలీ అరబికాకు జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది. అది పేరుకు రక్షణ. వేరేచోట పండిన గింజను అరకు పేరుతో అమ్మేవాళ్లను అడ్డుకోవచ్చు. ధరకు అది హామీ ఇవ్వదు. పేరు మీద వచ్చే అదనపు సొమ్ము రైతుకు చేరాలంటే, రైతులు తమ సంఘాల ద్వారా అధీకృత వినియోగదారులుగా నమోదు కావాలి.

కాఫీ కొనే మేము ఏం చూడాలి?

చికోరీ కలిపిన పొడిలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, ఏది ఎంతో ప్యాకెట్ మీద రాయాలి. ఆ అంకె చదవండి. అరకు పేరు ఉంటే జీఐ ముద్ర ఉందేమో చూడండి. అమ్మేవాళ్లను ఒక ప్రశ్న అడగండి: ఈ ఏడాది రైతుకు కిలో పార్చ్‌మెంట్‌కు ఎంత ఇచ్చారు? నిజాయితీగా కొన్నవాళ్లు ఆ అంకె చెప్పడానికి వెనుకాడరు.

ప్రభుత్వాలను మేం ఏం అడగాలి?

సంఘాలు, ముద్రలు, పేర్లు అన్నీ అవసరమే. కానీ అవన్నీ కొనేవాడి ఇష్టం మీద నడిచేవి. ధర కూలిన ఏడాది రైతును నిలబెట్టేది చట్టం వెనకున్న కనిష్ఠ ధర ఒక్కటే. మూసేసిన స్థిరీకరణ నిధిని చిన్న రైతుల కోసం తిరిగి తెరవమని కేంద్రాన్ని అడగండి. కోతకు ముందే ధర ప్రకటించి, ప్రతి మండలంలో కాటా పెట్టి కొనమని రాష్ట్రాన్ని అడగండి. ధరలు బాగున్న రోజుల్లోనే ఇది అడగాలి. ధర పడిపోయాక అడిగితే జవాబు వచ్చేలోపు తోటలు పోతాయి.