అడ్డగాలిలో విమానం దిగేదెట్లా?

భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం దగ్గర వంతెన రాకముందు జనం పడవల మీద గోదావరి దాటి, అవతలి ఒడ్డున ఉన్న సిరొంచకు వెళ్లేవారు. ప్రవాహం జోరుగా ఉన్నప్పుడు పడవను తిన్నగా అవతలి రేవుకే గురిపెడితే ఏమవుతుంది? ఏరు దాన్ని దిగువకు లాక్కుపోతుంది. అందుకే పడవ నడిపేవాడు ముక్కును కొంచెం ఎగువకు తిప్పి ఉంచుతాడు. పడవ వంకరగా కనిపిస్తుంది, కాని తిన్నగా రేవు చేరుతుంది.

గాలి కూడా ప్రవాహమే. విమానానికీ ఇదే చిక్కు వస్తుంది.

జనగామ, మహబూబాబాద్ ప్రాంతాల వారు విమానమెక్కడానికి ఎక్కువగా శంషాబాద్ వెళతారు. 2008లో ప్రారంభమైన ఆ విమానాశ్రయంలో రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది. నైరుతి రుతుపవన కాలంలో అక్కడ గాలి ఎక్కువగా పడమటి వైపు నుంచి వీస్తుంది. ఎదురుగాలిలో దిగితే, నేలను తాకేటప్పుడు విమానం వేగం తగ్గుతుంది. అయితే గాలివానలో గాలి ఏ పక్కనుంచైనా కొట్టవచ్చు.

ఒక లెక్క చూద్దాం. విమానం గంటకు 260 కిలోమీటర్ల వేగంతో పడమరకు వస్తున్నది. దక్షిణం నుంచి గంటకు 45 కిలోమీటర్ల గాలి వీస్తున్నది. పైలట్ ఏమీ చేయకపోతే నిమిషంలో విమానం 750 మీటర్లు ఉత్తరానికి జరిగిపోతుంది! కనుక అతడు ముక్కును సుమారు 10 డిగ్రీలు ఎడమకు, అనగా గాలి వచ్చే వైపుకు తిప్పుతాడు. అప్పుడు విమానం ఏటవాలుగా చూస్తూనే రన్‌వే వెంట తిన్నగా వస్తుంది.

కాని అట్లాగే నేలను తాకితే? చక్రాలు ఒక వైపు చూస్తుంటే విమానం మరో వైపు సాగుతుంది. టైర్ల మీద, చక్రాల కాళ్ల మీద పక్కబలం పడుతుంది. అందుకే నేల తాకబోయే ముందు పైలట్ కుడికాలితో పెడల్ తొక్కుతాడు. తోకలోని చుక్కాని తిరిగి ముక్కును రన్‌వేకు సరిచేస్తుంది. గాలి పక్కకు నెట్టకుండా ఎడమ రెక్కను కొద్దిగా వంచుతాడు. ఒక్కొక్కప్పుడు ఎడమ చక్రమే ముందు నేలను తాకుతుంది.

గాలి రన్‌వేకు 30 డిగ్రీల కోణంలో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వీస్తే, అడ్డంగా నెట్టే భాగమెంత? సైన్ 30 అంటే సగం. కాబట్టి 30 కిలోమీటర్లే.

ప్రతి విమానానికీ అడ్డగాలి హద్దు ఒకటి ఉంటుంది. తడి రన్‌వే మీద ఆ హద్దును ఇంకా తగ్గిస్తారు. గాలి హద్దు దాటినా, విమానం వరుసలో కుదరకపోయినా పైలట్ దిగడు. మళ్లీ పైకి లేపుతాడు. మీరు ఎక్కిన విమానం ఎప్పుడైనా అట్లా చేస్తే భయపడకండి. అది ఓటమి కాదు, జాగ్రత్త.