మందుడబ్బా కన్నా ముందు భూతద్దం

కొత్తగా ఉద్యోగంలో చేరిన వ్యవసాయ విస్తరణ అధికారులు నన్ను అడిగే మొదటి ప్రశ్న మందు మోతాదు గురించే. ఎకరానికి ఎంత, ట్యాంకుకు ఎంత? బతుకంతా కీటకశాస్త్రం చెప్పినవాణ్ణి. నా మటుకు ముందు అడగాల్సిన ప్రశ్నలు వేరు. ఆ పురుగు దేన్ని వాసన చూస్తుంది, ఏ రంగుకు వస్తుంది, ఎలా వింటుంది, ఎలా కదులుతుంది? నా అనుభవంలో పనికొచ్చినవి కొన్ని రాస్తున్నాను.

1. మీసాలే ముక్కు.

పత్తిలో గులాబీ రంగు పురుగు కాయలోకి దూరిందంటే ఇక మందు దాన్ని అందుకోలేదు. పట్టుకోవాల్సింది రెక్కల పురుగు దశలోనే, అదీ వాసన దారినే. ఆ దారి చూపింది పట్టుపురుగు. జర్మనీలో అడాల్ఫ్ బుటెనాంట్ బృందం దాదాపు 5 లక్షల ఆడ రెక్కల పురుగుల నుంచి, మగవాటిని రప్పించే పదార్థాన్ని వేరుచేసి 1959లో లోకానికి చెప్పింది. దాని పేరు బాంబికోల్. ఇరవై ఏళ్ల శ్రమ అది! మగ పట్టుపురుగు మీసాన్ని భూతద్దం కింద పెట్టి చూడండి. ఈకలా విచ్చుకుని, వేల నూగు వెంట్రుకలతో గాలిని జల్లెడ పడుతూ ఉంటుంది.

గాలిలో వాసన ఒకే ధారగా రాదు, తెగితెగి వస్తుంది. అందుకే మగపురుగు వాసన తగలగానే గాలికి ఎదురు ఎగురుతుంది. తెగిపోతే అటూ ఇటూ అడ్డంగా తిరుగుతూ మళ్లీ దొరికేదాకా వెతుకుతుంది. మనం చేలో పెట్టే లింగాకర్షక బుట్ట ఈ గుణం మీదే ఆధారపడింది. ఒక్కో పురుగుకు ఒక్కో ఎర. గులాబీ రంగు పురుగు ఎరకు పొగాకు లద్దెపురుగు రాదు. చుట్ట పట్టుకున్న చేతితోనో ఉల్లిపాయ కోసిన చేతితోనో ఎరను ముట్టుకోవద్దు. బుట్టకు రోజుకు 8 చొప్పున వరుసగా మూడు రోజులు పడితే నివారణ మొదలుపెట్టాలి. పడేవన్నీ మగవే. మిగిలిన ఒక్క మగపురుగు ఎన్నో ఆడవాటితో జతకట్టగలదు కాబట్టి, బుట్ట నిండింది కదా అని చేను వదిలేయకండి.

2. మన కళ్లతో చూసి రంగు ఎంచుకోవద్దు.

తెల్లదోమకు పసుపు జిగురు అట్ట, తామర పురుగుకు నీలం జిగురు అట్ట. 2021లో గుంటూరు, ఖమ్మం మిరప చేలమీద నల్ల తామర పురుగు విరుచుకుపడినప్పుడు రైతులు నీలం అట్టల కోసం పరుగులు తీశారు. పురుగు కంటికి లేత ఆకు ఎలా కనిపిస్తుందో, పువ్వు ఎలా కనిపిస్తుందో ఆ అట్టలు అంతకంటే గట్టిగా కనిపిస్తాయి. తేనెటీగకు ఎరుపు రంగు తెలియదు కానీ మనకు కనపడని అతినీలలోహిత కాంతి కనపడుతుంది. ఈ సంగతులు తవ్వి తీసినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది 1973లో నోబెల్ అందుకున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్‌ని. పైరు ఎదిగేకొద్దీ అట్టను కూడా పైకి జరుపుతూ ఉండండి.

3. దీపం మీద పురుగుకు మోజు లేదు.

రాత్రిపూట నేలకన్నా ఆకాశమే వెలుగు. ఎగిరే పురుగు తన వీపును వెలుగువైపు ఉంచి ఏది పైనో ఏది కిందో తెలుసుకుంటుంది. బల్బు పక్కనుంచి వెళ్లేటప్పుడు వీపు బల్బుకు తిప్పుతుంది, ఆ సుడిలోనే చిక్కుతుంది. లండన్ ఇంపీరియల్ కాలేజీ శాస్త్రవేత్తలు వేగవంతమైన కెమెరాలతో దీన్ని చూసి 2024లో ప్రచురించారు. గట్టుమీద అవసరం లేని బల్బు రాత్రంతా వెలగనివ్వకండి.

4. వినడానికి చెవులే అక్కర్లేదు.

సికింద్రాబాద్‌లో 1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడని మనందరికీ తెలుసు. అంతకు నలభై ఏళ్ల ముందే, 1855లో, అమెరికా వైద్యుడు క్రిస్టఫర్ జాన్‌స్టన్ దోమ మీసం మొదట్లో ఉన్న వినికిడి అవయవాన్ని వర్ణించాడు. మగదోమ ఆడదోమ రెక్కల రొదను దానితోనే పోల్చుకుంటుంది. సరైన శ్రుతిలో ట్యూనింగ్ ఫోర్క్ మోగించినా దానివైపు వచ్చేస్తుంది.

వరిలో దోమపోటు తెచ్చే సుడిదోమ ఇంకా వింతది. ఆడది పొట్టను అదిలించి వరి కాండాన్నే కంపింపజేస్తుంది. మగది కాళ్లతో ఆ కంపనం అందుకుని, జవాబిస్తూ వెతుక్కుంటూ పోతుంది. ఇదంతా దుబ్బు మొదట్లో జరుగుతుంది, పైనుంచి చూసేవాడికి పచ్చటి చేను తప్ప ఏమీ కనపడదు. కాబట్టి వంగి దుబ్బు మొదలు తట్టి చూడండి. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయమని చెప్పేది మొదళ్లకు గాలీ వెలుతురూ తగలాలనే. మందు కొట్టాల్సివస్తే అదీ మొదళ్లకే తగలాలి.

5. పచ్చదోమను తెల్లవారుజామునే లెక్కపెట్టండి.

ఈ జాతి పురుగుల గెంతు కండరం బలం ఒక్కదానితో వచ్చేది కాదు. కండరం నెమ్మదిగా బిగిసి శక్తిని దేహపు పెంకులో దాస్తుంది, విల్లు ఎక్కుపెట్టి వదిలినట్టు ఒక్కసారిగా విడుస్తుంది. వీటి దగ్గరి చుట్టం, 6 మిల్లీమీటర్ల ఉమ్మిపురుగు, 70 సెంటీమీటర్ల ఎత్తు గెంతుతుందని మాల్కం బర్రోస్ 2003లో చూపించాడు. పొద్దెక్కాక ఆకు తిప్పితే గెంతిపోతాయి, లెక్క తప్పుతుంది. చల్లని వేళ అవి మందకొడిగా ఉంటాయి.

6. రెక్క ఆడకుండానే రొద చేసే తుమ్మెద.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం ఇది. ఈగ రెక్క సెకనుకు దాదాపు 200 సార్లు ఆడుతుంది. అన్నిసార్లు నరం ఆజ్ఞ పంపలేదు. కండరాలు రెక్కకు కాక ఛాతీ గూటికి అంటుకుని ఉంటాయి, ఒకటి ముడుచుకుంటే రెండోది సాగుతుంది, ఆ సాగడమే దాన్ని మళ్లీ ముడుచుకునేలా చేస్తుంది. ఈగకు వెనక రెక్కలు చిన్న గుండు కర్రలుగా మారి, ఒళ్లు ఎటు తిరుగుతున్నదీ చెబుతుంటాయి. వాటిని తీసేస్తే ఈగ నిలకడగా ఎగరలేదని ఇంగ్లండులో విలియం డెర్హామ్ 1714లోనే రాశాడు.

ఇలాంటి కండరాలే గండుతుమ్మెదకూ ఉన్నాయి. వంగ పువ్వులో పుప్పొడి, పరాగకోశం కొసన ఉన్న చిన్న రంధ్రంలోంచే రావాలి. తుమ్మెద పువ్వును కరిచిపట్టుకుని, రెక్కలు ముడిచి, ఛాతీ కండరాలను మాత్రం ఝుమ్మనిపిస్తుంది. పుప్పొడి జల్లుగా రాలుతుంది. టమాటదీ దాదాపు ఇదే తీరు. తేనెటీగకు ఈ విద్య రాదు, అందుకే వంగతోటలో తేనెపెట్టెలు పెట్టినంత మాత్రాన తుమ్మెద పని జరగదు. పూలు విచ్చుకున్న ఉదయం మందు కొట్టించకండి, తప్పదనుకుంటే పొద్దువాలాక కొట్టించండి. గండుతుమ్మెద ఎండు కర్రకు బెజ్జం చేసి గూడు పెడుతుంది. తోట గట్టున ఎండిన మోడు ఒకటి రెండు ఉంటే నరికించవద్దని రైతుకు చెప్పండి.