ఇంటర్‌లో 970.. మరి ఎంసెట్‌లో ర్యాంకు రాలేదేం?

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు వీధంతా స్వీట్లు పంచిన ఇంట్లోనే, ఎంసెట్ ర్యాంకు వచ్చిన రోజు ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. వెయ్యికి 970 తెచ్చుకున్న అమ్మాయి ర్యాంకు ఎక్కడో వేలల్లో ఉంటుంది. ‘అసలు ఆ మార్కులు నిజమేనా?’ అంటారు బంధువులు. ‘నాకేమీ రాదన్నమాట’ అని ఆ అమ్మాయి తనలో తనే తేల్చేసుకుంటుంది. రెండు మాటలూ తప్పే. ఇంటర్ మార్కులు నిజమే, ఎంసెట్ ర్యాంకూ నిజమే. ఆ రెండు పరీక్షలూ విద్యార్థితో చేయించే పని వేరు. పోయిన మార్కులు ఎక్కడ పోయాయో పట్టుకుంటే చాలావరకు తిరిగి తెచ్చుకోవచ్చు. తెచ్చుకున్న ఇంటర్ మార్కులకు విలువ ఇచ్చే దారులూ ఉన్నాయి. ముందుగా జరిగిందేమిటో చూద్దాం.

రెండు పరీక్షలు, రెండు రకాల పని

ఏళ్ల తరబడి నడిచిన ఇంటర్ మ్యాథ్స్ పేపరునే తీసుకోండి. మూడు గంటలు, 75 మార్కులు. రెండు మార్కుల ప్రశ్నలు పది, నాలుగు మార్కులవి అయిదు, ఏడు మార్కులవి అయిదు రాయాలి. అంటే మొత్తం 20 జవాబులు. సగటున ఒక్కోదానికి తొమ్మిది నిమిషాలు. ఎంసెట్ (ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దాని పేరు ఈఏపీసెట్) ఇంజినీరింగ్ పేపరులో అదే మూడు గంటల్లో 160 ప్రశ్నలు: మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ఒక్కోదానికి దాదాపు 67 సెకన్లు.

తేడా వేగంలోనే కాదు. ఇంటర్‌లో ఏడు మార్కుల ప్రశ్నలు ఏడిస్తారు, అయిదు రాస్తే చాలు. కష్టమనిపించిన చాప్టర్‌ను ఛాయిస్‌లో వదిలేసినా నూటికి నూరు తెచ్చుకునే వీలుంది. స్టెప్పులకు మార్కులుంటాయి, చివర్లో లెక్క తప్పినా సగానికి పైగా దక్కుతాయి. ఇంపార్టెంట్ క్వశ్చన్లు పదేపదే రాసి చేతికి అలవాటు చేసుకున్న విద్యార్థికి ఇది బాగా కలిసొస్తుంది. ఎంసెట్‌లో ఛాయిస్ లేదు, స్టెప్పులకు మార్కు లేదు. వదిలేసిన చాప్టర్ నుంచీ ప్రశ్నలొస్తాయి. ఫస్టియర్, సెకండియర్ రెండు సిలబస్‌లూ ఒకే రోజు గుర్తుండాలి.

ఒక ఉదాహరణ చూడండి. 1.2.3 + 2.3.4 + 3.4.5 + … ఇలా n పదాల మొత్తం n(n+1)(n+2)(n+3)/4 అని గణితానుగమన పద్ధతిలో నిరూపించడం ఇంటర్‌లో బాగా తెలిసిన ఏడు మార్కుల ప్రశ్న. బాగా చదివిన పిల్లలు పేజీ నిండా స్టెప్పులు రాసి ఏడుకు ఏడు తెచ్చుకుంటారు. ఇదే మొత్తాన్ని నాలుగు ఆప్షన్లతో అడిగితే? నిరూపణ మొదలుపెట్టిన విద్యార్థికి అయిదారు నిమిషాలు పోతాయి. అదే n=1 వేసి చూస్తే మొదటి పదం 6, సూత్రంలో 1.2.3.4/4 కూడా 6. n=2 వేస్తే 6+24=30, సూత్రంలో 2.3.4.5/4 కూడా 30. ఈ రెండు విలువలకూ సరిపోని ఆప్షన్లు కొట్టేస్తే అర నిమిషంలో జవాబు దొరుకుతుంది. నిరూపణ రాస్తూ కూర్చున్న విద్యార్థికీ సబ్జెక్టు వచ్చు. ఆప్షన్ల మీద పనిచేయడం ఎవరూ నేర్పలేదు, అంతే. ఇది నేర్చుకుంటే వచ్చే పని.

పోయిన మార్కులకు లెక్క తీయండి

ర్యాంకు చూసి బాధపడటం దగ్గరే ఆగిపోకండి. మీ రెస్పాన్స్ షీటు, కీ పక్కపక్కన పెట్టుకోండి. అవి దొరకకపోతే పాత పేపరొకటి తీసుకుని గడియారం పెట్టుకుని మూడు గంటలు కూర్చుని రాయండి. తర్వాత పోయిన ప్రతి ప్రశ్న పక్కనా మూడింటిలో ఒక మాట రాయండి: ‘తెలియదు’, ‘పొరపాటు’, ‘టైం చాలలేదు’. టైం అయిపోయి చివర్లో గుడ్డిగా పెట్టినవి మూడో రకం కిందికే వస్తాయి. నిజాయితీగా చేస్తే ఒక సాయంత్రం పని. కోచింగ్ మార్చాలా, ఇంకో ఏడాది తీసుకోవాలా, వేరే దారి చూడాలా అన్నది ఈ లెక్క చెబుతుంది.

‘తెలియదు’ ఎక్కువగా ఉంటే అవి ఏ చాప్టర్లవో చూడండి. చాలామందికి అవి ఫస్టియర్‌లో వదిలేసినవో, ఛాయిస్‌లో దాటేసినవో అవుతాయి. మొత్తం సిలబస్ మళ్లీ మొదటి నుంచి చదవనక్కర్లేదు. ఆ చాప్టర్ల జాబితా రాసుకుని, కాన్సెప్ట్ చదివిన రోజే దాని మీద ఆప్షన్ల ప్రశ్నలు చేయండి.

‘పొరపాటు’ ఎక్కువగా ఉంటే వాటికో నోట్‌బుక్ పెట్టండి. మైనస్ గుర్తు మర్చిపోయారా? సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చలేదా? ‘సరికానిది ఏది’ అని అడిగితే సరైనది పెట్టారా? ఒక్కొక్కరూ ఒకే రకం తప్పు పదేపదే చేస్తారు. అదేంటో కాగితం మీద కనిపిస్తే తగ్గుతుంది.

‘టైం చాలలేదు’ ఎక్కువగా ఉంటే పేపరు రాసే క్రమం మార్చాలి. కెమిస్ట్రీ ప్రశ్నల్లో లెక్కలు తక్కువ కాబట్టి దాన్ని 35 నిమిషాల్లో ముగించి, ఫిజిక్స్‌కు 50, మ్యాథ్స్‌కు 95 నిమిషాలు ఉంచుకోవడం చాలామందికి పనికొచ్చే పద్ధతి. మొదటి రౌండులో నిమిషంలో తేలేవే చేయండి. మిగిలినవి గుర్తుపెట్టుకుని రెండో రౌండుకు వదలండి. ఎంసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్నను కూడా ఖాళీగా వదలకూడదు. జేఈఈ మెయిన్‌లో 75 ప్రశ్నలు, 300 మార్కులు. సరైన జవాబుకు 4, తప్పుకు మైనస్ 1. అక్కడ రెండు ఆప్షన్లయినా కొట్టేయగలిగినప్పుడే జవాబు పెట్టడం మేలు.

పల్లెల నుంచి, ప్రభుత్వ కాలేజీల నుంచి వచ్చే పిల్లలకు ఇంకో ఇబ్బంది ఉంది. రెండేళ్లూ కాగితం మీద రాసినవారు పరీక్ష రోజున కంప్యూటర్ ముందు కూర్చుంటారు. ప్రశ్న తెర మీద, లెక్క కాగితం మీద. కళ్లు అటూ ఇటూ తిప్పుకోవడానికే టైం పోతుంది. పరీక్షకు ముందు కనీసం నాలుగైదు మాక్ టెస్టులు కంప్యూటర్ మీదే రాయాలి. ఈఏపీసెట్ వెబ్‌సైట్లలో, జేఈఈ మెయిన్ నిర్వహించే ఎన్‌టీఏ వెబ్‌సైట్‌లో ఇవి ఉచితంగా దొరుకుతాయి. ఎంసెట్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌తో పాటు తెలుగులోనూ ఉంటుంది. జేఈఈ మెయిన్ కూడా 2021 నుంచి తెలుగులో రాయవచ్చు. తెలుగు మీడియం వారు దరఖాస్తులో భాషను ఎంచుకోవడం మర్చిపోవద్దు.

ఇంటర్ మార్కులు ఎక్కడ లెక్కలోకి వస్తాయి?

ఆంధ్రప్రదేశ్‌లో ఎంసెట్ స్కోరుకు 75 శాతం, ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకు 25 శాతం వెయిటేజీ ఇచ్చి ర్యాంకు తీస్తారు. స్థూలంగా లెక్క వేద్దాం. గ్రూపు సబ్జెక్టుల్లో 97 శాతం ఉన్నవారికి 25కు 24.25 వస్తాయి. 80 శాతం ఉన్నవారికి 20. ఆ 4.25 తేడాను పూడ్చుకోవాలంటే రెండో విద్యార్థి ఎంసెట్‌లో 160కి తొమ్మిది మార్కులు అదనంగా తెచ్చుకోవాలి. ర్యాంకుల మధ్య దూరం తెలిసినవారికి ఆ తొమ్మిది మార్కుల విలువ తెలుసు. తెలంగాణలో మాత్రం ఈ వెయిటేజీని 2023లో పూర్తిగా తీసేశారు. అక్కడ ర్యాంకు ఎంసెట్ మార్కుల మీదే.

జేఈఈ మెయిన్‌లోనూ 2013 నుంచి 2016 వరకు ర్యాంకుకు బోర్డు మార్కులు 40 శాతం కలిపేవారు. తర్వాత ఎత్తేశారు. అయితే ఎన్‌ఐటీలో సీటు దక్కాలంటే ఇంటర్‌లో 75 శాతం మార్కులో, బోర్డులో టాప్ 20 పర్సంటైలో ఉండాలి. ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం చాలు. పక్కనున్న తమిళనాడు 2007 నుంచి ఇంజినీరింగ్ ఎంట్రన్స్‌నే తీసేసి ప్లస్ టూ మార్కులతో సీట్లు ఇస్తోంది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అడ్మిషన్లకు శాట్ స్కోరును చూడటం మానేసింది. ఎంఐటీ మాత్రం కొంతకాలం ఆపి, 2022లో మళ్లీ తప్పనిసరి చేసింది. ఒక్కో చోట ఒక్కో కొలత. కాబట్టి ఒక్క పరీక్షలో వచ్చిన అంకెను మీ తెలివికి తుది తీర్పుగా తీసుకోవద్దు.

మార్కులతోనే తెరుచుకునే దారులు

తెలంగాణలో ‘దోస్త్’ ద్వారా డిగ్రీ సీట్లు ఇంటర్ మార్కుల మీదే ఇస్తారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లకు అవే ఆధారం. 970 వచ్చినవారికి మంచి ప్రభుత్వ, అటానమస్ కాలేజీల్లో నచ్చిన కోర్సు దొరికే అవకాశం ఎక్కువ. చదువుకు డబ్బు సాయమూ ఉంది. బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో ఉండి, కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు దాటకపోతే కేంద్ర ప్రభుత్వ సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేయవచ్చు. డిగ్రీలో ఏడాదికి 12 వేలు ఇస్తారు. బోర్డులో టాప్ ఒక శాతంలో ఉండి బీఎస్సీ లాంటి మౌలిక శాస్త్రాల కోర్సులో చేరేవారికి ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80 వేలు. దీని సంగతే తెలియక వదులుకునేవారు చాలామంది. మీరు చేరే ఏడాది నోటిఫికేషన్ చూసి దరఖాస్తు చేయండి.

సాఫ్ట్‌వేర్ మీదే మనసుంటే బీటెక్ ఒక్కటే దారి కాదు. బీఎస్సీ కంప్యూటర్స్ లేదా బీసీఏ చదివి, ఐసెట్ రాసి ఎంసీఏలో చేరవచ్చు. 2020 నుంచి అది రెండేళ్ల కోర్సే. ఎన్‌ఐటీల్లో ఎంసీఏకు నిమ్‌సెట్ ఉంది. ర్యాంకు రాలేదని పొలం అమ్మి బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్) సీటు కొనే ముందు ఈ దారులన్నీ ఒకసారి కాగితం మీద రాసి చూడండి. అదే బ్రాంచి, అదే కాలేజీ అన్న పంతంతో పెట్టే లక్షలకు ఆ కాలేజీ ప్లేస్‌మెంట్లు తగినవేనా అని సీనియర్లను అడగండి.

లాంగ్‌టర్మ్ (ఇంకో ఏడాది కోచింగ్) తీసుకోవాలా?

దీనికి జవాబు మీ మూడు రకాల లెక్కలోనే ఉంది. పోయిన వాటిలో ఎక్కువ ‘పొరపాటు’, ‘టైం’ రకం అయితే సబ్జెక్టు మీ చేతిలోనే ఉన్నట్టు. కొన్ని నెలల సాధనతో మార్పు కనిపిస్తుంది. ఏదైనా కాలేజీలో చేరి చదువుతూనే మళ్లీ రాయవచ్చు. ఎక్కువ ‘తెలియదు’ రకం అయి, ఆ సబ్జెక్టు అంటే నిజంగా ఇష్టముంటే ఏడాది కేటాయించడంలో అర్థముంది. ఇష్టం లేకపోతే వద్దు. మరో ఏడాది కూడా అదే ఫలితం వచ్చే ప్రమాదముంది. జేఈఈ మెయిన్‌ను వరసగా మూడేళ్లు, అడ్వాన్స్‌డ్‌ను వరసగా రెండేళ్లు మాత్రమే రాయనిస్తారు. ఈ పరిమితి దృష్టిలో పెట్టుకుని నిర్ణయించుకోండి.

అమ్మానాన్నలకు ఒక మాట

‘పక్కింటి అబ్బాయికి వచ్చింది, నీకెందుకు రాలేదు?’ అనే మాట ర్యాంకును పెంచదు. ‘ఏ చాప్టర్లలో పోయాయమ్మా, ఒకసారి చూద్దామా?’ అనే మాట పెంచగలదు. పిల్లలు తినడం తగ్గించినా, గదిలోంచి బయటికి రాకపోయినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా ‘సర్దుకుంటారులే’ అనుకోవద్దు. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, ఖర్చేమీ లేదు. తెలుగులోనే మాట్లాడతారు.

విద్యార్థులు ఈ వారంలో మూడు పనులు చేయండి. పోయిన ప్రశ్నల లెక్క తీయండి. మీ మార్కులకు వచ్చే స్కాలర్‌షిప్‌లు, సీట్ల జాబితా రాయండి. కౌన్సెలింగ్ గడువు తేదీలు గోడ మీద అంటించండి. రెండేళ్లు కష్టపడి 970 తెచ్చుకున్నవారికి కష్టపడటం కొత్తేమీ కాదు. ఈసారి ఆ కష్టం ఎక్కడ పెట్టాలో తెలుసుకుని పెట్టండి.