ఇంట్లో పనిచేసే తల్లి – పక్కన ఆడుకునే బిడ్డ

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో ఎందరో తల్లులు ఇంటి దగ్గరే కూర్చుని బీడీలు చుడతారు. కొందరు కుట్టుమిషను మీద పని చేస్తారు. 2020లో కరోనా వచ్చిన తరువాత ఇంట్లోనే కంప్యూటరు ముందు ఉద్యోగం చేసే తల్లులు కూడా పెరిగారు. పని ఏదైనా ఇబ్బంది ఒక్కటే. ఒళ్లో చాట ఉంటుంది. వెయ్యి బీడీల లెక్క తేలితేనే కూలి. రెండేళ్ల బిడ్డ కొంగు పట్టుకుని లాగుతూ ఉంటుంది.

ఏడుపు ఆపితే చాలుననుకుని ఆ తొందరలో చేతికి అందినదేదో బిడ్డకు ఇచ్చేస్తాము. చాలా ప్రమాదాలు అక్కడే మొదలవుతాయి. బిడ్డ నోరు మూయించడం వేరు, బిడ్డను ఆటలో పెట్టడం వేరు. ఈ తేడా తెలుసుకోవడమే ఈ పాఠం.

చేయకూడని పనులు

1. నిద్రపుచ్చడానికి దగ్గు, జలుబు సిరప్‌లు పోయకండి. వాటిలో కొన్నింటికి మత్తు గుణం ఉంటుంది. పసిపిల్లలకు ఊపిరి మందగించే ప్రమాదం ఉంది.

2. సెల్‌ఫోను చేతికిచ్చి వదిలేయకండి. రెండేళ్లలోపు పిల్లలకు ఫోను, టీవీ అసలు వద్దనీ, రెండు నుండి ఐదేళ్ల వారికి పెద్దల సమక్షంలో రోజుకు ఒక గంటకు మించరాదనీ పిల్లల వైద్యుల సలహా. మాటలు నేర్చే వయసులో బిడ్డకు మాట్లాడే మనిషి కావాలి.

3. గదిలో పెట్టి గడియ వేయడం, మంచానికి కట్టివేయడం చేయకండి.

4. పని సామాను ఆటకు ఇవ్వకండి. తంబాకులోని నికోటిన్ తడి చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది. పిల్లలు వేళ్లు నోట్లో పెట్టుకుంటారు కనుక వారికి అపాయం ఎక్కువ. పని ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కుని, చీర మార్చుకుని బిడ్డను ఎత్తుకోండి. పాలిచ్చే తల్లులు దీన్ని తప్పక పాటించాలి.

ముందుగా చోటు సిద్ధం చేయండి

మీ కంటికి ఎదురుగా, చేతికి అందేంత దూరంలో ఒక చాప పరచండి. కత్తెర, సూదులు, గుండీలు, నాణేలు, పల్లీలు, పుట్నాలు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. నీళ్ల బకెట్లు ఖాళీ చేసి బోర్లించండి. కొద్దిపాటి నీళ్లలో తల మునిగినా పసిబిడ్డకు ప్రాణాపాయమే. రిమోటులో, బొమ్మలలో ఉండే బిళ్ల బ్యాటరీల మూత గట్టిగా బిగించి ఉందో లేదో చూడండి. మింగితే రెండు గంటలలోపే అన్నవాహిక కాలిపోవచ్చు.

ఆటలకు డబ్బు ఖర్చు అక్కరలేదు

● ఏడాది బిడ్డకు: స్టీలు గ్లాసులు, పెద్ద మూతలు, అట్టపెట్టె. ఒకదానిలో ఒకటి పెట్టి తీయడమే ఆట.

● రెండేళ్ల బిడ్డకు: చపాతీ పిండి ముద్ద, పాత చీర ముక్క, మడతపెట్టడానికి చిన్న బట్టలు. అమ్మ పని చేస్తున్నట్టే తానూ చేస్తున్నానన్న సంతోషం వారికి ఎక్కువ.

● మూడు, నాలుగేళ్ల వారికి: పలక, బలపం, బొమ్మల పుస్తకం, ఉల్లిగడ్డలను, ఆలుగడ్డలను వేరుచేసే పని.

వస్తువులన్నీ ఒకేసారి ఇవ్వకండి. సగం దాచి, రెండు రోజులకొకసారి మార్చండి. పాతదే కొత్తగా కనిపిస్తుంది.

పనికి ముందు పది నిమిషాలు

పని మొదలుపెట్టే ముందు పది నిమిషాలు బిడ్డతోనే కూర్చోండి. కడుపు నింపి, కబుర్లు చెప్పి, ఆట మొదలుపెట్టించి అప్పుడు చాట అందుకోండి. అమ్మ దొరికిందన్న తృప్తి ఉన్న బిడ్డ కాసేపు తనంతట తాను ఆడుకుంటుంది. అయినా రెండేళ్ల బిడ్డ ఒకే ఆట మీద గంటసేపు నిలవదు. అది మొండితనం కాదు, ఆ వయసు అంతే. అందుచేత మధ్యమధ్య తల ఎత్తి చూడండి, పేరు పెట్టి పలకరించండి. ఎక్కువ ఏకాగ్రత కావలసిన పనిని బిడ్డ నిద్రపోయే వేళకు ఉంచుకోండి.

మూడేళ్లు నిండితే అంగన్‌వాడీకి పంపండి. అక్కడ ఆటపాటలతో చదువు, భోజనం ఉంటాయి. ఇరుగుపొరుగున ఇద్దరు తల్లులు ఉంటే, ఒకరు పని చేస్తుండగా మరొకరు పిల్లలను చూసుకునేలా వంతులు వేసుకోవచ్చు.

ప్రమాదం జరిగితే

బిడ్డ తంబాకు నోట్లో పెట్టుకుంటే కనిపించే ముక్కలు తీసి, తడిగుడ్డతో నోరు తుడవండి. వాంతులు, చొంగ, చెమటలు, ఒళ్లు పాలిపోవడం, వణుకు, మూర్ఛ ప్రమాద సూచనలు. అవి కనిపించేదాకా ఆగకుండా 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించకండి. మింగిన వస్తువు మిగిలి ఉంటే వెంట తీసుకురండి. బ్యాటరీ మింగారని అనుమానం వచ్చినా ఆలస్యం చేయరాదు.

కుటుంబ సభ్యులకు ఒక మాట

ఇంట్లో ఒకరు ఆసుపత్రిలో ఉంటే, ఇంటి దగ్గర ఉన్న తల్లిపై భారం రెట్టింపవుతుంది. కూలి తగ్గకూడదు, బిడ్డ ఏడవకూడదు అంటే ఆమె ఒక్కతివల్ల కాదు. తండ్రి, తాత, నానమ్మ, మేనమామ ఎవరైనా సరే, రోజుకు ఒక గంట బిడ్డను ఎత్తుకోండి. ఆ గంట తల్లికి ఊరట, బిడ్డకు రక్షణ.